పద్మినికి జిప్సీ ఇంజిన్: ఇంటి షెడ్డులో మనమే ఎక్కించుకోగలమా?

బరంపురం పద్మిని:
అందరికీ నమస్కారమండి. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకోండి, మాది బళ్ళో అంతా ఒడియా మీడియం, తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే. ఊరు బరంపురం. నాన్నగారి ప్రీమియర్ పద్మిని ఉంది, 1984 బండి, తెలుపు, స్టీరింగు పక్కన గేరు రాడ్డు ఉండే రకం. నాన్నగారు పోయాక ఆరేళ్ళు షెడ్డులోనే పడుంది. మొన్న దసరాకి కొత్త బ్యాటరీ వేసి లేపాం, లేచింది గానీ ఆ పొగ చూసి మునిసిపాలిటీవాళ్ళు దోమల మందు కొడుతున్నారనుకుని ఎదురింటావిడ తలుపులేసుకుంది. సరే తప్తపాణి దాకా వెళ్ళొద్దామని అమ్మని ఎక్కించుకుని బయల్దేరితే ఘాటీ సగం ఎక్కేసరికి సూది ఎర్రగీత దాటేసింది, రోడ్డు పక్కన బండి ఆపి రెండు గంటలు కూర్చున్నాం, అమ్మ పులిహోర తింటూ "మీ నాన్న ఉన్నప్పుడు ఇలా ఎప్పుడూ అవలేదురా" అని పదిసార్లు అంది.

ఇప్పుడు విషయం ఏంటంటే, మిలిటరీ వేలంలో కొన్న మారుతి జిప్సీ జీపు ఒకటి మా మిస్త్రి దగ్గర పడుంది, పల్టీ కొట్టి బాడీ నుజ్జయింది, ఇంజిన్ గేర్‌బాక్సు మాత్రం బావున్నాయి, ఎంపీఎఫ్ఐ, అంటే కార్బురేటరు బదులు ఇంజెక్షను ఉండేది, 1298 సీసీ, 80 గుర్రాలు. వైరింగూ ఈసీఎం (ఇంజిన్ని నడిపించే కంప్యూటరు డబ్బా) అన్నీ కలిపి 48 వేలు అంటున్నాడు. నా పద్మినిది 1089 సీసీ, దీనికి సగం బలం ఉంటుందేమో. దీన్ని దాన్లో పెట్టేస్తే ఎలా ఉంటుంది? మిస్త్రిని అడిగితే "హెబొ హెబొ" అంటున్నాడు. ఇంట్లో షెడ్డు ఉంది, చైన్ పుల్లీ అద్దెకి దొరుకుతుంది, నాకు వెల్డింగు కొంచెం వచ్చు. చెప్పండి.

సోంపేట సత్తి:
ముందు ఆ మిస్త్రికి ఓ దండం. ఇటేపు మా వాళ్ళు "అయిపోద్ది బావూ" అంటారు, అటేపు మీ వాళ్ళు "హెబొ" అంటారు, అయ్యేది మాత్రం వచ్చే సంక్రాంతికే. ఏ సంక్రాంతో అడక్కూడదు.

ఆటోనగర్ అన్న:
తమ్ముడూ, ఇంజిన్ ఎంపిక మాత్రం తెలివైందే. చాలామంది వచ్చి స్విఫ్టు ఇంజిన్ పెట్టొచ్చా, ఆల్టో ఇంజిన్ పెట్టొచ్చా అని అడుగుతారు, అవి అడ్డంగా కూర్చుని ముందు చక్రాలు తిప్పేవి, పద్మినిది నిలువు ఇంజిను, వెనక చక్రాల బండి. నిలువుగా కూర్చుని వెనక్కి షాఫ్ట్ ఇచ్చే చిన్న ఇంజిన్లు మన దగ్గర తక్కువే. జిప్సీ ఒకటి, వెర్సాలో వచ్చిన 1.3 ఒకటి, ఈకోలో వచ్చిన 1196 సీసీది ఒకటి. ఓమ్నీ 796 ఉంది గానీ దానికోసం ఇంత కష్టం ఎందుకు.

జిప్సీలో ఇంకో సుఖం ఉంది, దాని ట్రాన్స్‌ఫర్ కేసు, అదే నాలుగు చక్రాలకీ బలం పంచే పెట్టె, గేర్‌బాక్సుకి అతుక్కుని ఉండదు, మధ్యలో చిన్న షాఫ్టు వేసి విడిగా ఉంటుంది. అంటే ట్రాన్స్‌ఫర్ కేసు తీసి పక్కన పడేసి, గేర్‌బాక్సు ఫ్లాంజి నుంచే నేరుగా నీ వెనక హౌసింగుకి, అంటే వెనక ఇరుసు పెట్టెకి, షాఫ్ట్ వేసుకోవచ్చు. వేరే జీపుల్లో ఇంత సులువుగా కుదరదు. బ్లాకు కూడా అల్యూమినియమే, ముందుభాగం మీద బరువు పడదు.

ఊరికే చెప్తున్నా, కంపెనీవాళ్ళే ఈ పని ఒకసారి చేశారు. ప్రీమియర్‌వాళ్ళదే 118 ఎన్ఈ కారు గుర్తుందా, దాన్లో నిస్సాన్ ఏ12 ఇంజిన్, 1171 సీసీ. ఆ నిస్సాన్ ఇంజిన్ని పద్మినిలో దింపినవాళ్ళు నాకు తెలిసి ముగ్గురున్నారు. దొరికితే అదే నయం, కార్బురేటరు, నాలుగు వైర్లు, గోల ఉండదు. దొరకదు, అది వేరే సంగతి.

పాత ఇనుము:
అందరూ ఇంజిన్ మార్చమనేవాళ్ళే గానీ బండికి జబ్బేంటో ఒక్కడైనా అడిగాడా? ఆరేళ్ళు నిలబడిన బండి. రేడియేటరు ట్యూబులు సగం మూసుకుపోయి ఉంటాయి, బ్లాకు లోపల నీళ్ళు తిరిగే దారుల్లో తుప్పు మడ్డి అంగుళం పేరుకుని ఉంటుంది, డిస్ట్రిబ్యూటర్లో అడ్వాన్సు పట్టేసి ఉంటుంది, స్పార్కు టైమింగు వెనకబడితే ఏ ఇంజినైనా వేడెక్కుతుంది. దానికి జిప్సీ ఇంజిన్ మందా? తలనొప్పొస్తే తల మార్చేస్తారా?

1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలైన బండి బాబూ అది, ఈ దేశం రోడ్ల మీద ముప్పై అయిదేళ్ళకి పైగా తయారైంది, అదే ఇంజిన్‌తో మీ నాన్నగారు ఆ ఘాటీ ఎన్నిసార్లు ఎక్కుంటారో మీ అమ్మగారినే అడుగు. ఒక బోరింగు, పిస్టన్లు, వాల్వుల పని, రేడియేటరు కోరు కొత్తది. నలభై వేలు అవుతుందేమో. బండి బండిలాగ ఉంటుంది.

బరంపురం పద్మిని:
పెద్దాయనా మీరన్నది నిజమే, జబ్బు ఏంటో చూడలేదు. కానీ నిజం చెప్పాలంటే నాకు ఆ పని చెయ్యాలని ఉందండి. రిపేరు ఒక్కటే అయితే మిస్త్రికి ఇచ్చేస్తా. ఒక ఇంజిన్ దించి ఇంకోటి ఎక్కించి దాన్ని నా చేత్తో లేపాలని, అంతే.

పాత ఇనుము:
అలా చెప్పు మరి. సరదా అను, రోగం అనకు.

పాసింగ్ పంతులు:
ఇంజిన్ సంగతి మీరంతా చూసుకోండి, కాగితం సంగతి నేను చెప్తాను, ఆర్టీవో పనుల్లో తిరిగి తిరిగి చెప్పులరిగినోణ్ణి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది. ఆర్సీలో రాసున్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన స్పెసిఫికేషనుకి తేడా పడేలాగ బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఒక కేరళ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించి 182ఏ తెచ్చారు, ఒప్పుకోని మార్పు చేయించిన ఓనరుకి ఆర్నెల్ల దాకా జైలు, లేదా మార్పుకి 5,000 చొప్పున జరిమానా, లేదా రెండూ. సీఎన్‌జీ కిట్టు, బ్యాటరీ కిట్టు వేరు, వాటికి ఆమోదించిన కిట్లు ఉన్నాయి, దారి ఉంది. ఒక కంపెనీ కారులో ఇంకో కంపెనీ ఇంజిన్ అంటే ఆఫీసులో ఫైలు ఎవడూ ముట్టుకోడు. రేపు యాక్సిడెంటు అయితే ఇన్సూరెన్సువాడు మొదట బానెట్టు ఎత్తుతాడు.

ఇంకోటి. 2021లో వింటేజ్ బళ్ళ రూల్సు వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్ గానీ బాడీ గానీ ఇంజిన్ గానీ పెద్ద మార్పులు చేసుండకూడదు. ఫీజు 20,000, నంబరు ప్లేటులో వీఏ అని వస్తుంది. నీది 1984 కదా, 2034కి 50 నిండుతాయి. ఇవాళ ఇంజిన్ మార్చావంటే ఆ దారి నీ చేత్తో నువ్వే మూసుకున్నట్టు.

అసలు ఆర్సీ బతికుందా లేదా అది చెప్పు ముందు.

బరంపురం పద్మిని:
లేదండి. నాన్నగారి పేరు మీదే ఉంది, 2019తో అయిపోయింది.

పాసింగ్ పంతులు:
అయితే ముందు ఫారం 31, వారసుడి పేరుకి మార్చుకోవడానికి. ఆ తర్వాత ఫారం 25, రెన్యువలు. 20 ఏళ్ళు దాటిన కార్లకి రెన్యువలు ఫీజు 2025లో 10,000 చేసేశారు, ఆలస్యం రుసుం వేరే. పాసింగుకి, అంటే బండి తనిఖీకి, వెళ్ళినప్పుడు ఇంజిన్ నంబరు ఛాసిస్ నంబరు రెండూ చూస్తారు, కాబట్టి పాత ఇంజిన్ బండిలోనే ఉండాలి, నడుస్తూ ఉండాలి. ముందు ఇంజిన్ దించేస్తే అడకత్తెరలో పోకచెక్కే.

గేరు లేని గోవిందు:
ఎందుకండీ ఇంత భయపెడతారు. మా ఊళ్ళో ఎంతమంది తిరగట్లేదు. పాత నంబరు కొత్త ఇంజిన్ మీద గుద్దించేస్తే సరి, రెండు వేలు తీసుకుంటారు, ఎవడు చూస్తాడు.

ఆటోనగర్ అన్న:
గోవిందూ ఆ మాట ఇక్కడ మళ్ళీ అనకు. నంబరు గుద్దడం దొంగబళ్ళవాళ్ళు చేసే పని. మా పక్క షెడ్డు మూసేసి నాలుగేళ్ళయింది, ఇలాంటి పనికే. మోడరేటరు గారు ఆ పోస్టు చూడండి కాస్త.

జైపూర్ జీపు:
నా అనుభవం ఒకటి. మాది కోరాపుట్ జిల్లా జైపూర్, అంబాసిడర్ మార్క్ 4లో ఇసుజు 1.8 పెట్టాను పదేళ్ళ కిందట. అంబాసిడర్‌కైతే ఇది ఇంటల్లుడి సంబంధం లాంటిది, అదే కంపెనీ అదే బాడీలో ఆ ఇంజిన్ని తనే ఇచ్చింది, ఇంజిన్ కూర్చునే ఫౌండేషన్లూ గేర్‌బాక్సూ తర్వాతి మోడలు బండివి తెచ్చి బిగిస్తే కూర్చుంటాయి. పాత 1489 సీసీ బీఎంసీ ఇంజిన్ దించి 1817 సీసీది అయిదు గేర్లతో పెట్టా. ఇంజిన్ కూర్చోడానికి పట్టింది రెండు రోజులు. ఆర్సీలో ఎక్కడానికి పట్టింది ఏడు నెలలు, అదీ అదే కంపెనీ ఇంజిన్ అయ్యుండి, ముందే అర్జీ పెట్టి, బిల్లు, పాత బండి కాగితాలు అన్నీ చూపిస్తే.

ఇంకో మాట, అది రాయకపోతే పాపం. ఇంజిన్ మారాక మొదటిసారి కోరాపుట్ నుంచి జైపూర్ ఘాటీ దిగుతుంటే మూడో మలుపులో బ్రేకు పెడల్ మెత్తగా అయిపోయింది. ఇంజిన్ కొత్తది, బ్రేకులు మాత్రం డ్రమ్ములే, బూస్టరు లేదు. ఇంజిన్ బ్రేకింగు మీద ఎలా దిగానో ఆ జగన్నాథుడికే తెలుసు. అప్పుడు డిస్కులు వేయించా. నువ్వు బలం రెట్టింపు చేస్తున్నావు, ఆపేదాని గురించి ఒక్క ముక్క రాయలేదు.

లేత్ బాబాయి:
పర్లాకిమిడి నుంచి. నేను ముప్పై ఏళ్ళు లేత్ మీదున్నాను, ఇలాంటి షాఫ్టులు ఎన్ని కోసి అతికానో లెక్కలేదు. అబ్బాయీ నువ్వు ఏ బండిలో పెడతావో ఎప్పుడు పెడతావో నాకు తెలీదు గానీ కొలతల సంగతి రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

మొదట నీ క్రౌన్ పినియన్ నిష్పత్తి ఎంతో, అంటే చక్రాలు ఒక చుట్టు తిరిగితే షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో, తెలుసుకో. పుస్తకం చూడక్కర్లేదు. వెనక ఒక చక్రమే జాకీ మీద ఎత్తు, రెండోది నేల మీదే ఉండాలి, దానికి ఇటుకలు అడ్డం పెట్టు, గేరు న్యూట్రల్. ప్రొపెల్లర్ షాఫ్టు మీద సుద్దతో గీత పెట్టు. ఎత్తిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పు, ఒకటి కాదు రెండు, ఎందుకంటే రెండో చక్రం కదలట్లేదు కాబట్టి డిఫరెన్షియల్ సగమే లెక్కేస్తుంది. ప్రొపెల్లర్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే నీ నిష్పత్తి. తర్వాత టైరు మీద సుద్ద గీసి బండి తోసి ఒక చుట్టుకి నేల మీద ఎంత దూరం వెళ్ళిందో టేపు పెట్టు.

తర్వాత వాలు. ఇంజిన్ గేర్‌బాక్సు వెనక్కి రెండు మూడు డిగ్రీలు వాలుతుంది, హౌసింగు ముక్కు కూడా అంతే కోణంలో ఎదురుగా ఉండాలి, రెండూ సమాంతరంగా ఉంటేనే షాఫ్టు చివర్ల క్రాసులు (కీళ్ళు) సాఫీగా తిరుగుతాయి. ఇది తప్పితే అరవై స్పీడులో సీటు కింద ఎవరో గుద్దుతున్నట్టుంటుంది, జనం టైరు బ్యాలెన్సింగు అని నెలల తరబడి తిరుగుతారు. షాఫ్టు అతికాక బ్యాలెన్సు తప్పకుండా చేయించు, మా దగ్గర ఆ మిషను లేదు, విశాఖపట్నం పంపాలి.

ఫౌండేషన్లకి ముందు అట్టముక్కతో నమూనా చెయ్యి, తర్వాత చెక్క, తర్వాత ఇనుము. ముందు చుక్క వెల్డింగే పెట్టు. పద్మినికి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్, మీది గోపాల్‌పూర్ ఉప్పుగాలి తగిలే ఊరు, అడుగు రేకు ఎలా ఉందో స్క్రూడ్రైవరుతో పొడిచి చూడు. దూరిపోయిందంటే దాని మీద ఇంజిన్ వేలాడదీయకు.

బరంపురం పద్మిని:
లేత్ బాబాయి గారూ, నిన్న రాత్రే చేశాను. రెండు చుట్లకి షాఫ్టు నాలుగు చుట్లు తిరిగి పావు దాటి ఇంకొంచెం, అంటే 4.3 అనుకుంటా. టైరు చుట్టు 1.85 మీటర్లు.

లేత్ బాబాయి:
అయితే లెక్క చూడు. టాప్ గేరు నేరుగా అనుకో, ఇంజిన్ 3000 తిరిగితే చక్రం 698, దాన్ని 1.85 పెట్టి హెచ్చవేసి గంటకి లెక్కేస్తే 77 కిలోమీటర్లు. జిప్సీ గేర్‌బాక్సుకి అయిదోది ఓవర్‌డ్రైవ్ ఉంది కాబట్టి ఇంకా నిమ్మళంగా పోతుంది. హౌసింగు మార్చక్కర్లేదు.

బరంపురం పద్మిని:
మూడు వారాలు మాయమైపోయాను, క్షమించండి. జరిగింది చెప్తాను. పంతులు గారి మాట విని ఆర్టీవో ఆఫీసుకి వెళ్ళి ముందే అడిగాను, కౌంటరు దగ్గర ఆయన మర్యాదగానే చెప్పాడు, వేరే కంపెనీ ఇంజిన్‌కి అర్జీ పెట్టినా ఉపయోగం లేదు అని. ఇంటికొచ్చి అమ్మతో అంటే అమ్మ ఒకే మాట అంది, "ఆ ఇంజిన్ చప్పుడు వింటే మీ నాన్న గేటు దగ్గరకొచ్చినట్టుంటుంది, దాన్ని పీకేస్తావా." ఇంక నోరెత్తలేదు.

కాబట్టి నాన్నగారి బండి పాత ఇనుము గారు చెప్పినట్టే. రేడియేటరు విప్పితే మూడొంతులు మూసుకుపోయింది. బ్లాకు వెనక ప్లగ్గు తీస్తే నీళ్ళు రాలేదు, కడ్డీ పెట్టి పొడిస్తే కాఫీ మడ్డి లాంటిది ధారగా వచ్చింది. బోరింగుకి ఇచ్చేశాం.

అయితే జిప్సీ ఇంజిన్ కూడా కొనేశాను.

సోంపేట సత్తి:
హహ తెలుసు నాకు.

బరంపురం పద్మిని:
వినండి ముందు. చికిటి దగ్గర మా మేనమామకి జీడితోట ఉంది, పదెకరాలు, చుట్టూ కంచె, లోపల ఆయన దారులు. అక్కడ ఒక పద్మిని డొక్కు పడుంది, ఇంజిన్ లేదు, వెనక సీటు లేదు, ఆర్సీ ఎప్పుడో రద్దయిపోయింది, కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి దాన్లో. మావయ్యని అడిగితే "కోళ్ళకి ఇంకో చోటు చూపించి తీసుకో, కాకపోతే జీడిపిక్కల బస్తాలు మొయ్యాలి" అన్నాడు. ఆ బండి జన్మలో రోడ్డెక్కదు, గేటు లోపలే. పంతులు గారూ ఓకేనా?

పాసింగ్ పంతులు:
గేటు లోపల నీ ఇష్టం. గేటు బయటికి ముందు చక్రం వచ్చినా నాకు చెప్పకు.

ఆటోనగర్ అన్న:
ఇదిగో ఇప్పుడు కుదిరింది. రెండు మాటలు. ఆ జిప్సీ వేలం కాగితం, బిల్లు నీ పేరు మీద తీసుకుని దాచుకో. వైరింగు ఒక్క వైరు కూడా కొయ్యకుండా మొత్తం జడ అల్లినట్టు అలాగే బయటికి తీయించు, మీటరు కనెక్టరుతో సహా, ప్రతి కనెక్టరుకి కాగితం టేపు అంటించి దేనిదో రాయి. తర్వాత తీరిగ్గా అక్కర్లేనివి తీసేసుకోవచ్చు. మొదటే కోసేసినవాళ్ళంతా ఇక్కడికే వచ్చి ఏడుస్తారు. వెల్డింగు చేసేటప్పుడు బ్యాటరీతో పాటు ఈసీఎం కనెక్టరు కూడా ఊడదీయాలి.

బరంపురం పద్మిని:
రెండో నెల. తోటలోనే పని, శని ఆదివారాలు. షెడ్డు లేదు కాబట్టి మామిడి కొమ్మకి చైన్ పుల్లీ కట్టాం. మొదటిరోజే కొమ్మ కిర్రుమంది, ఇంజిన్ బానెట్టు మీద గాల్లో ఉంది, నేనూ మావయ్య కొడుకూ ఇద్దరం కింద. బతికిపోయాం. తర్వాత మూడు సర్వీ బాదులు తెచ్చి ముక్కాలి పీటలాగ కట్టి దానికి వేలాడదీశాం. ఇది చదివే కుర్రాళ్ళు ఎవరైనా ఉంటే, చెట్టు కొమ్మకి ఇంజిన్ కట్టకండి, ఎత్తినప్పుడు దాని కిందకి మాత్రం అస్సలు వెళ్ళకండి.

ఇంజిన్ కూర్చుంది గానీ కింది ఆయిల్ సంపు ముందున్న క్రాస్‌మెంబరుని (అడ్డ ఇనుముని) ముట్టుకుంటోంది. రెండు అంగుళాలు వెనక్కి జరిపితే అక్కడ గేర్‌బాక్సు మీద ఉబ్బుగా ఉండే నేల రేకు, టన్నెలు, తగిలింది. టన్నెలు పై రేకు కోసి కొత్తది వంచి అతికాను, ఆ వెల్డింగు ఫొటో పెట్టను, లేత్ బాబాయి తిడతారు. ఇంజిన్‌తో తిరిగే ఫ్యాను రేడియేటరుకి వేలెడు దూరంలో ఉంది, అది తీసేసి చిన్న కారు ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టాను. గేరు రాడ్డు సరిగ్గా బెంచి సీటు ముందంచు దగ్గర లేచింది, సీటు అంచు కోసెయ్యాల్సొచ్చింది, మావయ్య "పర్లేదు, మధ్యలో ఎవరూ కూర్చోరులే" అన్నాడు. క్లచ్చి జిప్సీ కేబులే, పెడల్ దగ్గర చిన్న పట్టీ వేశా.

లేత్ బాబాయి:
షాఫ్టు కొలత రబ్బరు ఫౌండేషన్లు వేసి, నాలుగు చక్రాలు నేల మీద ఉండగా, వెనక సీట్లో ఇద్దరు కూర్చోబెట్టి తీసుకో. జాకీ మీదున్నప్పుడు కొలిస్తే హౌసింగు కిందకి వేలాడి కొలత తప్పుతుంది. షాఫ్టు ముందుకీ వెనక్కీ జారే స్లిప్ జాయింటుకి అంగుళం ఆట ఉండాలి.

బరంపురం పద్మిని:
బాబాయి గారూ బస్తాలు వేసి కొలిచాం, నాలుగు బస్తాల పిక్కలు.

షాఫ్టు విశాఖపట్నం వెళ్ళి వచ్చింది. నిన్న మొదటిసారి సెల్ఫ్ కొట్టాం. ఇంజిన్ నీరసంగా కిర్ర్ కిర్ర్ అని తిరుగుతోంది, లేవట్లేదు. బ్యాటరీ కొత్తదే. మళ్ళీ కొట్టాం, మళ్ళీ కొట్టాం. నాలుగోసారి యాక్సిలరేటరు కేబుల్ నుంచి పొగ! కేబుల్ పై తొడుగు కరిగిపోయి చేతికంటింది. యాక్సిలరేటరు కేబుల్‌కి కరెంటుతో ఏం పనండీ? రాత్రంతా నిద్ర లేదు.

ఆటోనగర్ అన్న:
హహహ తమ్ముడూ ఎర్త్ పట్టీ! ఇంజిన్ నుంచి బాడీకి లావు ఎర్త్ వైరు వేశావా?

బరంపురం పద్మిని:
…వెయ్యలేదు. బ్యాటరీ నుంచి బాడీకే ఉంది.

ఆటోనగర్ అన్న:
మరి ఇంజిన్ రబ్బరు ఫౌండేషన్ల మీద కూర్చుంది కదా, రబ్బరులోంచి కరెంటు పోదు. సెల్ఫ్ లాగే కరెంటంతా వెనక్కి రావడానికి బాడీకీ ఇంజిన్‌కీ మధ్య దొరికిన లోహం ఆ కేబుల్ ఒక్కటే. క్లచ్చి కేబుల్ కూడా చూసుకో, అది కూడా కాలి ఉంటుంది. గేర్‌బాక్సు బోల్టు దగ్గర రంగు గీకేసి బొటనవేలంత లావు పట్టీ వెయ్యి. అదృష్టం బావుంది, ఈసీఎం పోలేదు.

పాత ఇనుము:
మా ఇంజిన్‌కి ఈసీఎం లేదు. ఊరికే అంటున్నా.

జైపూర్ జీపు:
పెట్రోలు లైను సంగతి ఎలా చేశావు? పద్మిని ట్యాంకులో పంపు లేదు కదా.

బరంపురం పద్మిని:
బయట లైను పంపు పెట్టా, ఫిల్టరు, రిటర్ను లైను వేశా. మొదట పాత పంపుకి వాడే మామూలు రబ్బరు గొట్టం పెట్టబోతే మిస్త్రి చెయ్యి పట్టుకుని ఆపాడు, ఇంజెక్షనుకి ప్రెషరు ఎక్కువ, ఆ గొట్టం చిట్లితే వేడి సైలెన్సరు మీద పడుతుందని. ఈసారి హెబొ అనలేదాయన. ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కూడా ఉంది కాబట్టి దానికి తట్టుకునే గొట్టాలే తెచ్చా. ట్యాంకు సగం కంటే తగ్గితే మలుపుల్లో పంపు గాలి పీలుస్తోంది, ఇంజిన్ ఎగుర్తోంది, అది చూడాలి.

జైపూర్ జీపు:
ట్యాంకుకీ పెద్ద పంపుకీ మధ్య లీటరు డబ్బా లాంటిది ఒకటి పెట్టి, చిన్న పంపు దాన్ని నింపుతూ ఉండేలాగ, పెద్ద పంపు దాన్నుంచి తాగేలాగ చెయ్యి. రిటర్ను కూడా ఆ డబ్బాలోకే. మలుపుల బాధ పోతుంది. డాష్ కింద ఒక స్విచ్చి పెట్టుకో పంపుకి, ఏదైనా అయితే చెయ్యి వెంటనే అందాలి. అగ్గి ఆర్పే సిలిండరు కూడా ఒకటి.

సోంపేట సత్తి:
లేచిందా లేదా అసలు, నెల నుంచి పాప్‌కార్న్ పట్టుకుని కూర్చున్నా.

బరంపురం పద్మిని:
లేచింది!!! ఎర్త్ పట్టీ వేసి కొడితే అర తిప్పులో లేచింది. ఎంత నిశ్శబ్దంగా అంటే మావయ్య "ఆగిపోయిందా" అనడిగాడు. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, స్పీడు సెన్సారు లేదు కదా అందుకేమో, నడపడానికి ఇబ్బందేం లేదు. తోటలో చివరి దాకా వెళ్ళి వచ్చాం, రెండో గేరులో ఇసకలో వెనక చక్రాలు తిరిగిపోతున్నాయి, కోళ్ళు పారిపోయాయి, మూడో గేరు ఒక్కసారే పడింది, అంత దారి లేదు అక్కడ. సూది సగం దగ్గరే ఆగింది, గంటసేపు తిప్పినా. బ్రేకులు డ్రమ్ములే, జీపన్నా, తోటలో ముప్పై దాటనని మీకు మాటిస్తున్నా.

పాసింగ్ పంతులు:
సంతోషం. నాన్నగారి బండి సంగతి?

బరంపురం పద్మిని:
పేరు మారింది పంతులు గారూ, పాసింగు మొన్న మంగళవారం. ఇంజిన్ నంబరు చూడ్డానికి ఆయన బానెట్టు ఎత్తి, గుడ్డ అడిగి తుడిచి చదువుకుని, "మా నాన్నకీ ఉండేది" అన్నాడు ఒడియాలో. ఆదివారం అమ్మని తీసుకుని మళ్ళీ తప్తపాణి వెళ్ళాం. ఘాటీ అంతా రెండో గేరే, వెనక లారీవాడు హారను మీద హారను, సూది మాత్రం కదల్లేదు. అమ్మ దారంతా ఏమీ అనలేదు, పైకెళ్ళాక వేడినీళ్ళ గుండం దగ్గర దిగి పులిహోర డబ్బా విప్పింది.

పాత ఇనుము:
థర్మోస్టాట్ కొత్తది వేశావా?

బరంపురం పద్మిని:
వేశానండి. స్పీడోమీటరు కేబుల్ ఒక్కటే తెగిపోయింది, పద్మినిది, కాలమ్ గేరు మోడలుది, ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. కొత్తదైనా పాతదైనా పర్లేదు.

సోంపేట సత్తి:
మా ఊళ్ళో ఒకాయన షాపులో చూశాను, పైన అటక మీద. రేపు అడుగుతా. "అయిపోద్ది" అంటాడనుకో.